పులుపుకి రెండు మార్కులు

ఎంపీసీ తీసుకున్నాక బయాలజీకి టాటా చెప్పేశాను. పదో తరగతి నుంచి గుర్తున్నది ఒక్కటే. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్‌కి 38 ఏటీపీలు, లేకపోతే 2. తేడాలు రాయండి, రెండు మార్కులు. ఫర్మెంటేషన్ అంటే చేతకాని కణం చేసే పని అని అలా మనసులో ఉండిపోయింది.

మొన్న సెలవుల్లో అమ్మమ్మ పాలు తోడు పెడుతుంటే, "ఇదే ఫర్మెంటేషన్" అని గొప్పగా చెప్పాను. "పులియడం అంటార్రా దాన్ని. ఎందుకు పులుస్తుందో చెప్పు మరి" అంది. నోట మాట రాలేదు.

తర్వాత కూర్చుని చదివాను. ఆ 2 ఏటీపీలు ఫర్మెంటేషన్ ఇచ్చేవి కావట! గ్లూకోజ్ రెండు ముక్కలయ్యే గ్లైకాలసిస్‌లోనే అవి వచ్చేస్తాయి. ఆ ముక్కలు చేసేటప్పుడు వచ్చే ఎలక్ట్రాన్లను మోయడానికి ఎన్ఏడీ అనే అణువు కావాలి. కణంలో అది కొంచెమే ఉంటుంది. మనలాంటి జీవుల్లో ఆక్సిజన్ ఉంటే మైటోకాండ్రియా ఆ బరువు దించుకుంటుంది. లేకపోతే ఎన్ఏడీలన్నీ నిండిపోయి గ్లైకాలసిస్ కూడా ఆగిపోతుంది. మా ఓఎస్ క్లాసు భాషలో చెప్పాలంటే, ఏ ప్రాసెస్సూ రిసోర్స్ వదలదు, సిస్టమ్ హ్యాంగ్. అలా కాకుండా పైరువేట్ ఆ ఎలక్ట్రాన్లను తన మీద వేసుకుని లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. ఎన్ఏడీ ఖాళీ అయి మళ్ళీ పనిలోకి వస్తుంది. ఈస్ట్ అయితే అదే బరువుని ఆల్కహాల్‌గా దించుతుంది. పెరుగులో మనకి తగిలే పులుపు ఇదన్నమాట.

ఇది చేతకానితనం ఎలా అవుతుంది? మన ఎర్ర రక్తకణాలకి మైటోకాండ్రియా ఉండదు. ఒళ్ళంతటికీ ఆక్సిజన్ మోస్తూ, తాము మాత్రం జీవితాంతం ఈ దారిలోనే బతుకుతాయి.

నా కంప్లయింట్ టీచర్ల మీద కాదు, ఆ ప్రశ్న మీద. 38 అనే అంకె కూడా నిలవలేదు, ఇప్పుడు 30 నుంచి 32 దాకా అంటున్నారు. మారిపోయే అంకెకి మార్కులిచ్చి, మారని కారణాన్ని వదిలేశాం. తెలుగు మీడియంలో చదివిన నా రూమ్మేట్ పరిస్థితీ అంతే. వాడు "కిణ్వనం" అని బట్టీ పట్టాడు, నేను "ఫర్మెంటేషన్" అని పట్టాను. ఇంట్లో రోజూ వినే "పులియడం" ఇద్దరి పుస్తకాల్లోనూ మాకు తగల్లేదు, లేదా తగిలినా మేం పట్టించుకోలేదు.

నేను పేపర్ సెట్ చేస్తే ఒకటే అడుగుతాను: రాత్రి తోడు పెట్టిన పాలలో బ్యాక్టీరియా ఆ ఆమ్లం చేయడం మానేస్తే, దానికి తెల్లారేసరికి ఏమవుతుంది? నాలుగు మార్కులు. ఏ భాషలో రాసినా సరే.