ఆకాశంలో 4 గంటలు, నేలమీద 7 గంటలు

హైదరాబాదు నుంచి దుబాయికి ఆకాశమార్గాన దూరం సుమారు 2,500 కిలోమీటర్లు. విమానం ఆ దూరాన్ని దాదాపు 4 గంటలలో దాటుతుంది. భూపాలపల్లి నుంచి శంషాబాదు విమానాశ్రయానికి దూరం 200 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. కాని ఈ దూరం దాటడానికే పల్లెవాసికి ఎక్కువ కాలం పడుతున్నది. వింతగా తోచినా ఇది వాస్తవం.

లెక్క చూడండి. పల్లె నుంచి భూపాలపల్లికి, అక్కడి నుంచి హనుమకొండకు రావడానికే రెండు గంటలు దాటుతుంది. హైదరాబాదుకు మరి మూడున్నర గంటలు. నగరం దాటి శంషాబాదు చేరడానికి ఇంకొక గంట, గంటన్నర. బస్సుల కోసం పడిగాపులు వేరు. పైగా విదేశాలకు వెళ్ళేవారు మూడు గంటలు ముందుగా హాజరు కావాలి. అర్ధరాత్రి విమానానికి పొద్దున్నే ఊరు విడవవలసిందే. బస్సు తప్పితే అప్పుచేసి కొన్న టికెట్టు చిత్తుకాగితమే.

మహబూబాబాదుకు రైలున్నది. అయినా సికింద్రాబాదులో దిగి, పెట్టెబేడాతో నగరం దాటవలసిన అవస్థ తప్పదు. జనగామ ప్రయాణికునికి ఉప్పల్ దాకా సుఖమే, ఆపైనే కష్టం. భూపాలపల్లికి ప్రయాణికుల రైలే లేదు.

విమానాల గొడవ పల్లెవారికెందుకని కొందరు అనవచ్చు. కాని గల్ఫ్ విమానాలలో కూర్చునేది కూలినాలి చేసుకునే పల్లె బిడ్డలే. తండ్రి కడచూపు కోసం బయలుదేరిన కొడుకు సముద్రం దాటి సకాలంలో వచ్చి, శంషాబాదు నుంచి ఊరు చేరేలోగా అంత్యక్రియలు ముగిసిపోతే ఆ దుఃఖాన్ని తీర్చేదెవరు?

నిజాం కాలంనాటి మామునూరు విమానాశ్రయాన్ని పునరుద్ధరించడానికి కేంద్రం 2025 ఫిబ్రవరిలో అనుమతించింది. శంషాబాదుకు 150 కిలోమీటర్ల లోపు మరొక విమానాశ్రయం రాకూడదన్న ఒప్పంద షరతు అంతవరకు అడ్డుగా నిలిచింది. ఆ అడ్డు తొలగడం సంతోషించదగినదే. మహబూబాబాదు, భూపాలపల్లి వాసులకు శంషాబాదు కంటె మామునూరు ఎంతో దగ్గర.

అయితే ఇల్లు అలకగానే పండుగ కాదు. మామునూరు నుంచి మొదట దేశంలోని నగరాలకే విమానాలు నడుస్తాయనుకోవాలి. గల్ఫ్ వెళ్ళేవారికి మరికొంతకాలం శంషాబాదే దిక్కు. కనుక మూడు జిల్లా కేంద్రాల బస్టాండుల నుంచి విమాన వేళలకు అనుగుణంగా, ముఖ్యంగా రాత్రిపూట, శంషాబాదుకు నేరుగా బస్సులు నడపాలి. సామాను పెట్టుకునే చోటు వుండాలి. రేపు మామునూరులో విమానం దిగేనాటికి అక్కడి నుంచి భూపాలపల్లికి, మహబూబాబాదుకు బస్సులు సిద్ధంగా వుండాలి. భూపాలపల్లికి రైలుమార్గం కోసం ప్రజాప్రతినిధులు పట్టుబట్టాలి.

వీటిలో బస్సులకు కోట్ల రూపాయలు అక్కరలేదు. అధికారులు తలచుకుంటే చాలు. ప్రయాణ కాలాన్ని విమానం మెట్ల దగ్గర నుంచి గాక, పల్లెలోని ఇంటి గడప నుంచి లెక్కించడం నేర్చుకోవాలి. అప్పుడే ఏది దూరమో, ఏది దగ్గరో తెలుస్తుంది.