పోలీసుకి కనపడే బెల్టు కాదు, మనిషిని ఆపే బెల్టు వేయించండి

పోస్టు కొంచెం పెద్దది. ఇంట్లో పాత జీపు ఉన్నవాళ్ళు మాత్రం ఓపిక చేసుకొని చదవండి.

ఎమ్.ఎమ్. 540, కమాండర్, మేజర్... మన ఊళ్ళలో ఈ మహీంద్రా పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. నాదీ 540యే. కొత్త బండి ఇస్తానన్నా మార్చను. మరి మనోళ్ళు వీటికి ఏం చేయిస్తున్నారో చూడండి. వెడల్పు టైర్లు, ఇనప బంపరు, నెత్తి మీద ఎల్‌ఈడీ లైట్ల వరస, ఎయిర్ హారను. బెల్టు మాట ఎత్తితే మాత్రం "పొలం దాకా పోయే బండికి బెల్టేంది బాబాయ్" అని నవ్వుతారు. నేనూ అట్టా నవ్వినోణ్ణే.

పోయిన ఏడాది మిరపకోతల రోజుల్లో, చీకటి పడే వేళ, మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకొని వస్తున్నా. రోడ్డు వారన ట్రాక్టరు ట్రక్కు ఆపి ఉంది. వెనక లైటు లేదు, ఎర్ర స్టిక్కరు లేదు. బ్రేకు తొక్కా, ఆగలా. స్పీడు నలభై కూడా లేదు. నేను స్టీరింగు పట్టుకొని ఉన్నా కాబట్టి పక్కటెముకల నొప్పితో పోయింది. అతను అద్దం మీదికి పోయాడు. మొహాన కుట్లు పడ్డాయి, కుడి భుజం జారింది. ఈరోజుకీ ఆ చెయ్యి పైకెత్తి స్ప్రేయరు ట్యాంకు తగిలించుకోలేడు. మా చెల్లెలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

ఇంకో సంగతి. ఆ సీటుకి బెల్టు ఉంది. పాత రకం, చేత్తో లాగి బిగించుకునేది. గలగలమంటోందని నేనే దాన్ని కొబ్బరి తాడుతో సీటు వెనక కట్టేశా.

నలభై స్పీడులో పోతూ గోడకి కొట్టుకుంటే, ఇరవై అడుగుల ఎత్తు నుంచి కింద పడ్డంత దెబ్బ. రెండంతస్తుల మేడ మీంచి చేతులు అడ్డం పెట్టుకుని దూకుతామా? జీపులో మాత్రం "రాడ్డు పట్టుకుంటాలే" అంటాం.

ఆ పాత బెల్టు ఎవరూ పెట్టుకోరు, అందులో వాళ్ళ తప్పు కూడా లేదు. బిగిస్తే ఫోర్ వీల్ లివరు అందదు, వెనక్కి తిరిగి చూడలేం. వదులు చేస్తే అది బెల్టు కాదు, మెళ్ళో కండువా. అందుకే దానంతట అదే చుట్టుకునే బెల్టు కావాలంటున్నా. మెల్లగా వంగితే వస్తుంది, ఉన్నట్టుండి గుంజితే పట్టేస్తుంది. బండి గట్టిగా కుదుపుకి ఆగినా పట్టేస్తుంది, ఎందుకంటే ఆ డబ్బాలో చిన్న గుండో లోలకమో ఉంటుంది. పెట్టుకున్నట్టే తెలియదు, అందుకే పెట్టుకుంటాం.

అయితే అసలు గొడవ ఇక్కడే. "ఏదో ఒకటి బిగించు, చెకింగులో కనపడితే చాలు" అని మనమే మెకానిక్కుకి చెబుతాం. 2019లో చట్టం మార్చాక బెల్టు లేకపోతే ఫైను వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి మిగుల్చుకోడానికి బెల్టు వేయిస్తున్నాం, ప్రాణం మిగుల్చుకోడానికి కాదు. నాకు మొదట బిగించినతను డబ్బాని చక్రం పైన రేకుకి రెండు మామూలు బోల్టులతో కొట్టాడు. ఇంటికొచ్చి కాలు తన్నిపెట్టి గట్టిగా లాగా. తుప్పు రేకు పెళుసు అప్పడంలా విరిగి, డబ్బాతో సహా చేతిలోకొచ్చింది. డబ్బులూ తీసుకున్నాడు, చెకింగులో పాసూ అయ్యేది.

కాబట్టి మీరు దగ్గరుండి చేయించుకోండి. మన జీపుకి కారులాగా తలుపు వెనక స్తంభం ఉండదు. భుజం మీంచి వచ్చే పట్టీకి పైన ఆధారం కావాలి, అది భుజం ఎత్తులోగానీ కాస్త పైన గానీ ఉండాలి. అంతకంటే కింద పెడితే గుద్దుకున్నప్పుడు పట్టీ మనిషిని కిందికి నొక్కి వెన్నుపూస మీద పడుతుంది. టాపు గుడ్డ మోసే సన్న పైపులకి కడతారు కొందరు, అవి గుడ్డనే మోస్తాయి. సీటు వెనక మందం పైపుతో రోల్ బార్ వేయించి, దాని కాళ్ళు ఛాసిస్ మీదికి దిగేలా చూసి, దానికి బిగించండి. బండి పల్టీ కొట్టినా ఆ బారే తల కాపాడాలి. ఆర్టీఓ ఆఫీసులో ముందు అడిగి వేయించండి, బండిలో మార్పులకి రూలుంది.

కింద బోల్టులు బెల్టుతో వచ్చినవే వాడండి. రేకుకి బిగించాల్సి వస్తే, మంచి రేకు చూసి, అడుగు నుంచి మూడు మిల్లీల మందం, మూడంగుళాల ఇనప పలక పెట్టించండి. వట్టి వాషరు చాలదు. తుప్పున్న చోట వెల్డింగు పెట్టినా అది తుప్పుకే అతుకుతుంది. డబ్బా ఏ వాటంలో బిగించాలో దాని మీదే ఉంటుంది. వంకరగా పెడితే లోపలి గుండు పట్టేసి పట్టీ అసలు బయటికే రాదు, అప్పుడు మళ్ళీ "ఇది పనికిరాదు" అని కొబ్బరి తాడే. నడుము పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద పడాలి.

పాత సామాను కొట్లో చవగ్గా దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. ఆ బండి ఎందుకు తుక్కయిందో ఆలోచించండి. ఒకసారి గుద్దుకున్న బెల్టు సాగిపోయి ఉంటుంది. కొన్ని కొత్త కార్ల బెల్టుల్లో పేలే మందు కూడా ఉంటుంది, దాన్ని విప్పడం మన వెల్డరు పని కాదు.

"సాగర్ కాలవలో పడితే బెల్టు ఊడక మునిగిపోతాం గదా" అంటారు. ఈ మాట కొట్టిపారెయ్యను, మన దారులన్నీ కాలవ కట్టలే. కానీ తల పగిలి స్పృహ లేనోడు ఈదలేడు. స్పృహ ఉన్నోడికి ఎర్ర బొత్తాం నొక్కడం ఒక్క క్షణం పని. కళ్ళు మూసుకొని నొక్కడం పిల్లలకి కూడా నేర్పండి.

2018 ఆగస్టులో నల్గొండ జిల్లాలో ప్రమాదంలో నందమూరి హరికృష్ణ గారు పోయారు. బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పోలీసులు చెప్పారు. పెద్ద బండికే ఆ గతి, అద్దం తప్ప ముందు ఏమీ లేని మన జీపు ఎంత?

వెనక బల్లల మీద ఎదురెదురుగా కూర్చునే కూలోళ్ళ సంగతి మాత్రం ఈ బెల్టులతో తీరదు. పక్కకి తిరిగి కూర్చున్న మనిషికి ఈ రకం పట్టీ సరిపడదు. పదిహేను మందిని ఎక్కించుకొని "ముందు ఇద్దరం భద్రం" అంటే సిగ్గు. నేను ఈ సీజను నుంచి రెండు ట్రిప్పులు వేస్తున్నా, డీజిలు అయితే అయింది.

బెల్టుల జత, పైపు, కూలి కలిపి నాకు పదకొండు వేలు అయింది. చేతిలో లేకపోతే హారను తర్వాత కొనుక్కోండి. పాత బెల్టు బిగించి ఉన్నోళ్ళు ఇవాళే ఒక పని చెయ్యండి. సీటు మీద కూర్చుని, కాలు తన్నిపెట్టి, రెండు చేతులా గట్టిగా లాగి చూడండి. మాది చూస్తామంటే ఆదివారం పొద్దున పాలకేంద్రం దగ్గర బండి పెడతా, అడుగున పలకలు కూడా పడుకొని చూసుకోవచ్చు. పాత లుంగీ కట్టుకొని రండి.