కొనేది మనం, వాడేది వాళ్ళు

ఇదివరకు మన తెలుగువాళ్ళం నలుగురం చేరితే మాటలు వీసాలతో మొదలై, ఇళ్ళ ధరల మీదుగా సాగి, ఆవకాయ దగ్గర తేలేవి. ఇప్పుడు సెప్టెంబరు వచ్చిందంటే ఆవకాయ కూడా వెనకబడుతోంది. ఆపిల్ వాళ్ళు కొత్త ఐఫోన్లు బయటపెట్టేది చాలావరకు ఆ నెలలోనే కదా! 2025 దసరాకి మా ఇంట్లో బొమ్మలకొలువు పెట్టాం. వచ్చినవాళ్ళు బొమ్మల్ని ఒకసారి చూశారు, ఒకరి చేతిలో ఫోను ఒకరు పదిసార్లు చూశారు.

ఒకాయన నారింజ రంగు 17 ప్రో తెచ్చారు. "ఇదేం రంగు అన్నయ్యగారూ, కమలాపండు తొక్కలా ఉంది!" అని ఒకావిడ నవ్వారు. ఇంకొకరు 5.6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఐఫోన్ ఎయిర్ తీస్తే, "అప్పడంలా ఉంది, జేబులో పెట్టుకుని కూర్చుంటే విరగదు కదా?" అని మరొకరి అనుమానం. మా వదిన మాత్రం హ్యాండ్‌బ్యాగులోంచి తన పాత 13 మినీ తీసి, "నాకు ఇలా పిడికిట్లో పట్టేది కొత్తది కావాలి. ఎందుకు చెయ్యరో!" అంది. ఆడవాళ్ళందరం తలలూపాం. అప్పటిదాకా మూల సోఫాలో కూర్చున్న ఒక హైస్కూలు కుర్రాడు తల ఎత్తకుండానే, "అందరూ కావాలంటారు ఆంటీ, ఎవరూ కొనరు" అన్నాడు.

అందరం నవ్వేశాం గానీ, ఆలోచిస్తే వాడి మాట కొట్టిపారేసేది కాదు. చిన్న ఫోను కావాలని జనం అడగ్గా అడగ్గా 2020లో 5.4 అంగుళాల తెరతో 12 మినీ వచ్చింది. మరుసటి ఏడు 13 మినీ వచ్చింది. చూసినవాళ్ళందరూ ముచ్చటగా ఉందన్నారు. కొట్టుకి వెళ్ళాక పెద్దది కొనుక్కుని వచ్చారు. 2022లో మినీకి బదులు 6.7 అంగుళాల ప్లస్ వచ్చింది. 2023 సెప్టెంబరులో 13 మినీని కూడా అమ్మకం నుంచి తీసేశారు.

అంటే వినియోగదారుల అభిప్రాయం రెండు రకాలన్నమాట. నోటితో చెప్పేది ఒకటి, పర్సుతో చెప్పేది ఇంకొకటి. కంపెనీకి రెండోది బాగా వినిపిస్తుంది. 4 అంగుళాల ఫోను కథే చూడండి. 2014లో పెద్ద తెరల ఐఫోన్ 6, 6 ప్లస్ వచ్చాక చిన్నవాటి పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. కానీ 2015లో కూడా 4 అంగుళాల ఫోన్లు 3 కోట్లు అమ్ముడయ్యాయని ఆపిల్ వాళ్ళే చెప్పి, 2016లో అదే కొలతతో ఎస్‌ఈ తెచ్చారు. అక్కడ మాట్లాడింది పర్సే.

నోటిమాటని అసలు వినరని కూడా అనలేం. మొదటి ఐఫోన్ 2007 జూన్ 29న అమ్మకానికి వచ్చింది. 8 జీబీది 599 డాలర్లు. రెండు నెలలు దాటాయో లేదో, సెప్టెంబరులో 200 డాలర్లు తగ్గించేశారు. ముందు కొన్నవాళ్ళు ఒప్పుకుంటారా? గోలగోల చేశారు. మర్నాడే స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి, వాళ్ళకి 100 డాలర్ల స్టోర్ క్రెడిట్ ఇస్తామన్నారు.

ఇక మన అభిప్రాయాలు ఎంత నిలకడో చెప్పాలంటే ఛార్జరు తాడు చాలు. 2012లో పాత వెడల్పాటి కనెక్టరు తీసేసి లైట్నింగ్ పెడితే, "ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ ఏం చేసుకోవాలి?" అని విసుక్కున్నాం. తర్వాత పదేళ్ళు, "ఊరందరిదీ ఒక దారి, వీళ్ళదొక దారి" అని విసుక్కున్నాం. 2024 చివరికల్లా ఫోన్లన్నిటికీ యూఎస్‌బీ-సీ ఉండాలని యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది. ఐఫోన్ 15తో 2023లో అది వచ్చింది. అప్పుడు మళ్ళీ, "ఈ లైట్నింగ్ తాళ్ళన్నీ ఏం చేసుకోవాలి?" మా ఇంట్లో ఆ డ్రాయరు ఇప్పటికీ సరిగ్గా మూతపడదు.

ఇంతవరకూ నోరున్నవాళ్ళ కథ, పర్సున్నవాళ్ళ కథ. ఆ రెండూ వాడని మూడోరకం వినియోగదారు ఒకరున్నారు. తెనాలిలో ఉన్న మా అమ్మ.

అమ్మ దగ్గర మూడేళ్ళుగా, తెర కింద గుండ్రటి బొత్తాం ఉన్న ఫోను ఉండేది. ఎక్కడ తప్పిపోయినా ఆ బొత్తాం నొక్కితే మొదటి పేజీకి వచ్చేస్తుంది. అక్కడ పచ్చటి బొమ్మ, అందులో పైన నా ముఖం. అమ్మకి తెలిసిన ఫోనంతా అంతే. ఆ దారిలోనే రోజూ రాత్రి తొమ్మిదింటికి, అంటే మనకి పొద్దున్న, నాతో మాట్లాడేది.

2025 వేసవిలో ఇండియా వెళ్తూ అమ్మకి కొత్త ఫోను తీసుకెళ్ళాను. పెద్ద తెర, మంచి కెమెరా. బొత్తాం లేదు. మార్కెట్టంతా అటే వెళ్ళిపోయింది లెండి. ఐఫోన్లలో 2017లో వచ్చిన టెన్‌తో ఆ బొత్తాం తీసెయ్యడం మొదలైంది. చివరిగా 2022 నాటి ఎస్‌ఈలో మిగిలింది. 2025 ఫిబ్రవరిలో 16ఈ వచ్చి ఎస్‌ఈ వెళ్ళిపోవడంతో అదీ ముగిసింది. నేను అదేమీ ఆలోచించలేదు. నా సంగతి అంతకంటే తమాషా. అమెరికాలో అమ్మే ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్ళలో సిమ్ కార్డు పెట్టే అర ఉండదని చదివి కూడా, నేను కొన్న ఫోనులో అది ఉందో లేదో చూసుకోలేదు. లేదు! నాన్నగారు ఎండలో ఆధార్ కార్డు పట్టుకుని రెండుసార్లు తిరిగి ఈ-సిమ్ చేయించారు.

నేను తిరిగి వచ్చేశాక అమ్మ ఫోన్లు తగ్గాయి. రోజూ వచ్చేది రెండ్రోజులకి ఒకసారి అయింది. నేను చేస్తేనే ఎత్తేది. "పనుల్లో ఉన్నానే" అనేది. నిజమే అనుకున్నాను.

ఒక రోజు పక్కింటి కుర్రాడు మెసేజ్ పెట్టాడు. "అక్కా, రాత్రి తాతగారికి కళ్ళు తిరిగాయి. ఇప్పుడు బాగానే ఉన్నారు, బీపీ అన్నారు. మామ్మగారికి మీకు ఫోను చెయ్యడం రాక మా తలుపు కొట్టారు" అని.

నా గుండె ఆగినంత పనైంది. నాన్నగారితో మాట్లాడాక అమ్మని అడిగాను, చెప్పలేదేమని. కాసేపు పలకలేదు. తర్వాత, "అంత డబ్బు పోసి తెచ్చావు, బాగాలేదని ఎలా చెప్తానే? ఏదో తెర వస్తుంది, వెనక్కి ఎలా రావాలో తెలీదు. నాకే చేతకాదనుకున్నాను" అంది.

తప్పు ఫోనుది కాదు. అలాంటివి కోట్లమంది హాయిగా వాడుతున్నారు. అమ్మదీ కాదు. కొనేముందు అమ్మని ఒక్కమాట అడగని నాదే. కంపెనీలు వినవని బొమ్మలకొలువు ముందు అందరితో కలిసి తలూపినదాన్ని, మా ఇంట్లోని వినియోగదారు అభిప్రాయం నేనే వినలేదు.

డిసెంబరులో సెలవు దొరగ్గానే నేనూ, మా అమ్మాయీ వెళ్ళాం. అమ్మ పాత ఫోను బీరువాలో, పట్టుచీరల కింద భద్రంగా ఉంది. అదే మళ్ళీ ఇచ్చేద్దామనుకున్నాను. మా అమ్మాయి పన్నెండేళ్ళది, "ఆగమ్మా, అమ్మమ్మనే అడుగుదాం" అంది. అమ్మమ్మ కొత్తదే నేర్చుకుంటానంది. తెర పెద్దది, మనవరాలి ముఖం బాగా కనిపిస్తుందట!

నేర్పింది మా అమ్మాయే. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టచ్, అందులో అసిస్టివ్ టచ్. అది ఆన్ చేస్తే తెర మీదే ఒక గుండ్రటి బొత్తాం వస్తుంది. దాన్ని ఒక్కసారి తాకితే మొదటి పేజీకి వెళ్ళేలా పెట్టింది. ఇంకా పెద్ద బొమ్మలు, తక్కువ యాప్‌లు కావాలంటే 2023 నుంచి అసిస్టివ్ యాక్సెస్ అనే ఏర్పాటు కూడా ఉంది. అమ్మకి అంత అవసరం రాలేదు. నాలుగోరోజు సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెడుతూ, "ఒసేయ్, నువ్వు చెప్పే ఆ కింద నుంచి పైకి జరపడం, వత్తి ఎగదోసినట్టే కదే?" అంది. అంతే! ఆ మాటతో వేలు కుదిరింది. గట్టిగా నొక్కకూడదు, మెల్లగా పైకి తొయ్యాలి. మేం ఎంత చెప్పినా రానిది, తనకి తెలిసిన పని పేరు పెట్టుకోగానే వచ్చేసింది.

పిల్లలూ, ఈ మాట మీకు. సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మమ్మా తాతయ్యలకి ఫోను నేర్పేది మీరే. "ఇంత సింపుల్, ఇది కూడా రాదా?" అనకండి. మీకు సున్నుండ చుట్టడం ఒక్కసారి చూపిస్తే వచ్చేస్తుందా? పక్కన కూర్చోండి, పని వాళ్ళ చేతే చేయించండి. ఏ మాటతో వాళ్ళకి అర్థమవుతుందో వాళ్ళనే చెప్పనివ్వండి.

పెద్దలకి నా మనవి. ఊరికి ఫోను పట్టుకెళ్ళే ముందు మూడు సంగతులు చూసుకోండి. సిమ్ అర ఉందా, లేకపోతే అక్కడ ఈ-సిమ్ మార్చుకోవడానికి తోడెవరైనా ఉన్నారా? ఇప్పుడున్న ఫోనులో వాళ్ళు చేత్తో గుర్తుపెట్టుకున్నది ఏమిటి, కొత్తదాంట్లో అది ఎక్కడుంది? కనీసం వారం రోజులు పక్కన కూర్చుని నేర్పే తీరిక మనకుందా? ఆఖరిది లేకపోతే కొనడం మానేసినా నష్టం లేదు.

వచ్చే ఏడు ఇంకో రంగు వస్తుంది, ఇంకో కొలత వస్తుంది. మా వదిన మళ్ళీ మినీ కోసం నిట్టూరుస్తుంది. అవన్నీ సరదా. ఒక్కటి మాత్రం ఈ రాత్రే చెయ్యండి. ఇంటికి ఫోను చేసినప్పుడు, "ఫోను ఎలా ఉందమ్మా?" అని అడగండి. "బాగానే ఉంది" అంటే అక్కడితో ఆగకండి. "ఏదీ, ఒకసారి పెట్టేసి నువ్వే నాకు చెయ్యి" అనండి. రెండు నిమిషాలు చూడండి. మోగితే సరే. మోగకపోతే, తరవాతి ప్రయాణంలో ఏం చెయ్యాలో మీకు తెలిసినట్టే.

మా ఇంట్లో ఇప్పుడు పొద్దున్నే మోగుతోంది. ఈ మాటలు రాస్తుంటే కూడా మోగింది. ఉంటాను మరి, వచ్చే సంచికలో కలుద్దాం!