పాత రికార్డుకు గొంతొచ్చింది!

అటక మీది రికార్డు ప్లేయర్ దింపారు. దుమ్ము దులిపి, ఘంటసాల భగవద్గీత ఎల్‌పీ పెట్టి, వైర్లను హోమ్ థియేటర్‌కు తగిలించారు. తీరా వింటే ఆయన పక్కింటి రేడియోలో పాడుతున్నట్టుంది! ఆ గంభీరమైన గొంతులో బరువు లేదు. 'స్' అనే చోటల్లా చెవిలో గుచ్చుకుంటోంది. రికార్డు అరిగిపోయిందనుకుని పాత సామాన్లవాడికి వేసేయకండి. చాలాసార్లు తప్పు దానిది కాదు.

మంద్రస్థాయి శబ్దాలను ఉన్నవి ఉన్నట్టు చెక్కితే రికార్డు మీద గాడి మరీ వెడల్పైపోతుంది, నాలుగు పాటలు పట్టవు. అందుకే అడుగు శబ్దాలను దాదాపు పదో వంతుకు తగ్గించి, పై శబ్దాలను దాదాపు పదింతలు పెంచి చెక్కుతారు. 1954లో అమెరికాలో ఖరారైన ఈ లెక్క పేరు ఆర్ఐఏఏ. వినేటప్పుడు దీన్ని తిరగేయాలి. పైగా సూది నుంచి వచ్చేది 5 మిల్లీవోల్టులే, దాన్ని వందింతలు చేయాలి. ఈ రెండు పనులూ చేసేదే ఫోనో ప్రీయాంప్. పాత యాంప్లిఫయర్లలో 'ఫోనో' అని వేరే సాకెట్టే ఉండేది.

కోటవురట్లలో కూర్చుని దీన్ని చేసుకోవచ్చా అంటే, నిక్షేపంగా! ఎన్ఈ5532 అనే చిప్పు ఒక్కటి చాలు, కుడి ఎడమలు రెండింటినీ అదే చూసుకుంటుంది. ఖరీదు సినిమా టికెట్టు కన్నా తక్కువే. విశాఖ వెళ్లినప్పుడో, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనో కొనొచ్చు, పోస్టులోనూ తెప్పించుకోవచ్చు. రెసిస్టర్లు మాత్రం ఒక్క శాతం తేడావే అడగండి. ఇక్కడ పిసినారితనం చేస్తే ఒక స్పీకరు ఒకలా, రెండోది ఇంకోలా పాడతాయి. లోపలికొచ్చే చోట 47 కిలో ఓమ్‌లు ఉండాలి. టంకం పెట్టడం రాకపోతే సర్క్యూట్ బొమ్మ టీవీ మెకానిక్‌కు ఇవ్వండి, పూట పని.

కరెంటు జోలికి పోవద్దు. రెండు 9 వోల్టుల బ్యాటరీలు చాలు. పిల్లలున్న ఇంట్లో భయం ఉండదు, 'గుయ్' మనే రొదా తగ్గుతుంది. పెట్టెగా బిస్కెట్ల రేకు డబ్బా భేషైనది. ప్లేయర్ ఎర్త్ తీగను ఆ డబ్బాకే బిగించండి.

అన్నట్టు, కొనే ముందు సూది రకం చూసుకోండి. సూట్‌కేసులాంటి పాత ప్లేయర్లలో తరచుగా ఉండే సిరామిక్ రకానికి ఇది అక్కర్లేదు. కొత్త ప్లేయర్లలో కొన్నింటికి లోపలే ఉంటుంది. ఇక తాతలనాటి 78ల సంగతి వేరు. అప్పట్లో కంపెనీకో లెక్క, సూదీ లావుదే కావాలి.