వంద మీటర్ల అంటరానితనం

మా అమ్మ ఉండే రేకుల ఇంటికీ, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఒక పాత గుడికీ మధ్య అరవై మీటర్లు కూడా ఉండవు. ఇందిరమ్మ ఇళ్ల జాబితాలో అమ్మ పేరు వచ్చింది. ముగ్గు పోసుకునే రోజున ఒక ఉద్యోగి వచ్చి, ఇక్కడ పునాది తీయొద్దన్నాడు. 1992కు ముందు నుంచి ఉంటున్నట్టు కాగితం చూపించమన్నాడు. మా వాడకు కరెంటు బిల్లు రావడమే ఆ తర్వాత మొదలైంది. ఇక పాత కాగితం ఎక్కడిది?

మా తాతను ఆ గుడి మెట్లు ఎక్కనివ్వలేదు. ఇవాళ అదే గుడి పేరు చెప్పి మా ఇంటికి మెట్లు కట్టుకోనివ్వడం లేదు.

చట్టం ఏమంటోంది? 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో సవరణ చేశారు. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నియంత్రిత ప్రాంతంలో అనుమతితో కట్టుకోవచ్చు. నిషేధిత ప్రాంతంలో కొత్త ఇంటికి అనుమతే లేదు. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇంటికి మరమ్మతు మాత్రం చేసుకోవచ్చు, అదీ అనుమతి తీసుకుని. పట్టా ఉన్నవాడికి ఇది ఒక దరఖాస్తు. తరతరాలుగా పట్టాకు దూరంగా ఉంచిన కులాలకు ఇది మూసిన తలుపు.

ఈ గీత అందరికీ ఒకేలా ఉందా? నిషేధిత ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ నిర్మాణాలకు దారి తీసే సవరణ బిల్లును లోక్‌సభ 2018 జనవరిలో ఆమోదించింది. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది. సర్కారు రోడ్డు కోసం గీతను చెరపాలని ఆలోచించినవాళ్లకు పేదోడి గది గుర్తుకు రాలేదు.

1934లో బాబాసాహెబ్ తన సహచరులతో దౌలతాబాద్ కోట చూడటానికి వెళ్లారు. అప్పుడది నిజాం రాజ్యంలో ఉంది. అక్కడి చెరువు నీళ్లతో ముఖం కడుక్కున్నందుకు అవమానించారు. లోపల నీళ్లు ముట్టకుండా చూడటానికి వెంట సాయుధ సైనికుణ్ణి పంపారు. వారసత్వం ఎవరిదో తేల్చేది కట్టడం కాదు, దాని కాపలాదారు.

గుడిని కూల్చమని నేను అనడం లేదు. ఆ రాళ్లు మోసింది మా పూర్వీకుల లాంటి కూలీలే, కాబట్టి అవి మావి కూడా. కానీ ఒక్క అంతస్తు ఇంటితో ఆ గోపురానికి వచ్చే ప్రమాదమేమిటో కొలిచి చెప్పమంటున్నాను. 100 అనే అంకె అన్ని కట్టడాలకూ ఒక్కటే ఎలా అవుతుంది? ప్రతి కట్టడానికీ విడిగా ఉపనిబంధనలు రాయాలని ఆ చట్టమే చెబుతోంది. వాటిని తెలుగులో, మా వాడలో కూర్చుని, మాతో కలిసి రాయండి. ఓటరు జాబితానూ ఇరుగుపొరుగు సాక్ష్యాన్నీ రుజువుగా ఒప్పుకోండి. ఉన్న ఇంటి జాగాలోనే తిరిగి కట్టుకునే హక్కు ఇవ్వండి.

"గుడికి బీట పడితే ఆఫీసర్లు ఉరికొస్తరు బిడ్డా. మన గోడ కూలితే ఎవలొస్తరు?" అని అమ్మ అడిగింది. పీహెచ్‌డీ చేస్తున్న నా దగ్గర దానికి జవాబు లేదు. చట్టం రాసినవాళ్ల దగ్గర ఉండాలి.