కెమెరా ఎవరి ఎత్తులో ఉంది?

ఆసామి తన పొలంలో నిటారుగా నిలబడి ఫొటోకి పోజిచ్చాడు. అదే మడిలో ఆడకూలీలు నడుములు వంచి వరసగా నాట్లు వేస్తున్నారు. రోజుకి రూ.40 ఇస్తున్నానని ఆయన చెప్పాడు. తర్వాత ఆడవాళ్లని అడిగితే చేతికొచ్చింది రూ.25 మాత్రమేనన్నారు. అందరూ ఒడిశాలోని రాయగడ నుంచి వచ్చిన, సెంటు భూమి లేనివాళ్లు. పాత్రికేయుడు పి.సాయినాథ్ ఆ ఫొటోతో పాటు రెండు అంకెలనూ అచ్చేశారు.

‘విజిబుల్ వర్క్, ఇన్విజిబుల్ విమెన్’ అనే ఆయన ప్రదర్శనలో ఉందీ ఫొటో. 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో తిరిగి తీసినవన్నీ అందులో పెట్టారు. దాన్ని ఏసీ గ్యాలరీలకి వదిలేయకుండా బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, వ్యవసాయ కూలీల సభల్లో నిలబెట్టారు. 7 లక్షల మందికి పైగా చూశారు. చూసినవాళ్లలో ఆ పనులు చేసేవాళ్లే ఉండటం ఈ ప్రదర్శనకి దక్కిన అసలు గౌరవం.

రైతు బొమ్మ గీయమంటే మన పిల్లలు ఇప్పటికీ తలపాగా, మీసం, భుజాన నాగలి గీస్తారు. ఆడమనిషి ఉంటే గట్టు మీద అన్నం గంపతో ఉంటుంది. క్యాలెండర్లు, పాఠ్యపుస్తకాలు, ఎన్నికల ప్రకటనలు ఏళ్ల తరబడి నూరిపోసిన బొమ్మ అది. నారు పీకడం, నాటడం, కలుపు తీయడం, పత్తి ఏరడం ఎవరి పనులో ఏ ఊరి చెరువు కింద అడిగినా చెబుతారు. ఈ బొమ్మ వల్ల నష్టం సెంటిమెంటుతో పోయేది కాదు. భూమి తమ పేరున లేని మహిళలు ప్రాణాలు తీసుకుంటే అవి రైతు ఆత్మహత్యల లెక్కలోకే రావడం లేదని సాయినాథ్ చాలాకాలంగా చెబుతున్నారు. బొమ్మలో లేని మనిషి రికార్డులోనూ ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ఇటుక బట్టీ ఫొటో కూడా ఆ ప్రదర్శనలో ఉంది. వేడి ఇటుకలు నెత్తిన పెట్టుకుని చెక్కల మీద నడుస్తున్న వలస కూలీలు. బయట ఎండ 49 డిగ్రీలు, కొలిమి దగ్గర ఇంకా ఎక్కువ. అప్పట్లో ఆడవాళ్లకి రోజుకి రూ.10 నుంచి 12, మగవాళ్లకి రూ.15 నుంచి 20. అంకెలు తీసేస్తే అది అందమైన ఫొటోయే! బారులు తీరిన నీడలు, రంగులు, పోటీకి పంపడానికి సరిపోయే సరుకు. పేదరికాన్ని ఇలా ముచ్చటగా చూపించే ఫొటోలు మన దగ్గర గుట్టలుగా ఉన్నాయి. అవి చూసి జాలిపడతాం, పేజీ తిప్పేస్తాం. కూలి రేటు పక్కన ఉంటే అంత సులువుగా తిప్పలేం.

అయినా సాయినాథ్‌ది బయటినుంచి వచ్చిన కన్నే. ఆ కన్నే మారితే ఏమవుతుందో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో చూడొచ్చు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళా రైతులు వీడియో కెమెరా పట్టారు. వాళ్లలో చాలామంది బడి మొహం చూడనివాళ్లు. కెమెరా కోణాలకి సొంత పేర్లు పెట్టుకున్నారు. కిందినుంచి పైకి తీస్తే ‘పటేల్ షాట్’, ఎందుకంటే పటేల్ వైపు అలా తలెత్తే చూడాలి. పైనుంచి కిందికి తీసేది దొర జీతగాడిని చూసే చూపు. కళ్లకి కళ్లు కలిపి, సమానమైన ఎత్తులో తీసేది ‘సంఘం షాట్’. తమ మనుషుల్ని చూపించడానికి వాళ్లు ఎంచుకున్నది ఇదే. సినిమా కోర్సుల్లో ఎన్ని సెమిస్టర్లు చదివినా ఇంత సూటిగా అర్థం కాదేమో.

2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి దేశంలోకి వచ్చిన తొలి సీజన్లో ఈ మహిళలు వరంగల్ పల్లెలకి కెమెరాతో వెళ్లారు. విత్తు నుంచి ఏరుడు దాకా రైతుల్ని మళ్లీ మళ్లీ కలిసి, 2003లో ఓ డాక్యుమెంటరీ తెచ్చారు. బీటీ మీద వాళ్ల నిర్ధారణలతో ఏకీభవించనివాళ్లు ఉండొచ్చు, ఆ చర్చ వేరు. ‘చదువులేని పల్లె ఆడవాళ్లు’ అనే ముద్రని మాత్రం వాళ్లు ఉపన్యాసం దంచకుండానే చెరిపేశారు. ప్రశ్న అడిగేది వాళ్లు, ఫ్రేము పెట్టేది వాళ్లు, ఏది ఉంచాలో తేల్చేదీ వాళ్లే.

ప్రతి ఊరిలో ఇలాంటి కెమెరా బృందాన్ని పెట్టమని ఎవరూ అనరు. జిల్లా పేజీలు చూసే డెస్కు మిత్రులు మాత్రం ఒక పని చేయొచ్చు. తొలకరి తర్వాత నాట్ల ఫొటోలు వరదలా వస్తాయి, కింద ‘నాట్లు వేస్తున్న మహిళలు’ అని క్యాప్షన్ పడుతుంది. ఈసారి ఫొటో పంపిన విలేకరికి ఫోన్ చేసి, కూలి ఎంత, ఆ మాట చెప్పింది ఎవరు అని అడగండి. వాళ్లు ఒప్పుకుంటే పేర్లూ రాయించండి. రెండు లైన్ల క్యాప్షన్లో ఇవన్నీ పడతాయి.