సర్దుకపోతయట!

"చేపలే కదా, సర్దుకపోతయి" అంటరు. మనల్ని అత్తారింటికి పంపేటప్పుడు అన్న మాట కూడా ఇదే కదా అక్కా! వింటే నాకు ఒళ్ళు మండుతది.

ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ వాగుల్లో పుట్టిన జిమ్నోజియోఫేగస్ సిక్లిడ్‌కు చలికాలం కావాలె. ఏటా కొన్ని నెలలు 15-18 డిగ్రీల నీళ్ళుంటేనే దానికి ఆరోగ్యం. ఆదిలాబాద్ చలి దానికి పుట్టింటిలెక్కనే. రంగు చూసి, అదే తొట్టిల అమెజాన్ ఆస్కార్‌ను వేస్తరు! ఆస్కార్‌కు 25 డిగ్రీలు కావాలె. అడుగు పొడుగు పెరుగుతది, నోట్ల పట్టినదల్లా మింగుతది. హీటర్ పెడితే ఒకదానికి నరకం, తీస్తే ఇంకోదానికి.

"కలిసే బతుకుతున్నయి కదా" అంటరు. చావకపోవుడు, బతుకుడు ఒకటి కాదు.

తోడు కావాలంటే అసొంటి చల్లని నీళ్ళు ఓర్చుకునేటివే తేండ్రి: పరానా నది బ్లడ్‌ఫిన్ టెట్రాలు, లా ప్లాటా ప్రాంతపు పెప్పర్ కోరీడోరస్‌లు, అవీ గుంపుగ. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే కరీంనగర్‌ల నీళ్ళు చల్లబరిచే ఏర్పాటు లేకుంటే జిమ్నోజియోఫేగస్‌ను అసలే తేవద్దు. నీళ్ళు వేడెక్కినకొద్దీ అందుల ప్రాణవాయువు తగ్గుతది.

"నాతోని కాదు" అని చేప చెప్పలేదు. దాని తరఫున మనమన్నా చెప్పాలె.